కార్పొరేటర్‌గా నిలబడాలంటే టికెట్టు కంటే ముందు చూసుకోవాల్సినవి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పుట్టిల్లు ఆమదాలవలస వైపు, అత్తవారిల్లు విజయనగరం దాసన్నపేట, వయసు 32, ముగ్గురు పిల్లలు, ఇంట్లోనే ట్యూషన్లు చెబుతున్నారు. ఈసారి కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడదామని ఉంది. ఒక పార్టీ వాళ్లు టికెట్టు ఇస్తామంటున్నారు, లేకపోతే ఇండిపెండెంటుగానైనా దిగుతానంటున్నారు. ముగ్గురు పిల్లలుంటే పనికిరారని ఎవరో భయపెట్టారు. మీవారు మున్సిపాలిటీ వీధిలైట్ల పనులు కాంట్రాక్టుకి చేస్తుంటారు. ఇంటి పన్ను మామగారి పేరున బాకీ ఉంది. ఓటు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉంది. చివర్లో, నేరుగా మేయర్ పదవికే పోటీ చేయొచ్చా అని కూడా అడిగారు.

నేను రెండు జిల్లాల మున్సిపాలిటీల్లో రెవెన్యూ సెక్షన్లో పని చేసి రిటైరయ్యాను. ఎన్నికలొచ్చినప్పుడల్లా నన్ను నామినేషన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. రిటైరయ్యాక 2020, 21లో నలుగురైదుగురికి కాగితాలు నింపిపెట్టాను. వీధిలో ఓడిపోయిన వాళ్లను అందరూ చూస్తారు. ఆ బల్ల దగ్గరే ఓడిపోయి ఇంటికెళ్లిన వాళ్లను నేను చూశాను. అందుకే ప్రచారం సంగతి పక్కన పెట్టి కాగితాల సంగతే చెబుతాను.

ముందు పిల్లల విషయం. ఆ భయం వదిలేయండి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన మన రాష్ట్రంలో 1990ల నుంచి ఉండేది. ఇలాంటి నిబంధన చెల్లుతుందని హరియాణా కేసులో సుప్రీంకోర్టు 2003లో తీర్పు కూడా ఇచ్చింది. కానీ మన శాసనసభ 2024 నవంబర్లో పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ దాన్ని ఎత్తేసింది. మీకు చెప్పినాయన పాత రోజుల్లోనే ఉన్నాడు. ఆ రోజుల్లో మూడో బిడ్డను అన్నగారికి దత్తత ఇచ్చేశామని కాగితం రాయించుకొచ్చిన ఒకాయన నాకు ఇప్పటికీ గుర్తే. ఎదుటి అభ్యర్థి ఆసుపత్రి రికార్డు నకలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన నోట మాట లేదు. ఆ గొడవ ఇప్పుడు లేదు కాబట్టి మీ పిల్లలు ముగ్గురనే ధైర్యంగా రాయండి.

అసలు చూసుకోవాల్సింది ఓటు. కార్పొరేషన్లో పోటీ చేయాలంటే ఆ కార్పొరేషన్ ఓటరు లిస్టులో మీ పేరు ఉండి తీరాలి. ఏ డివిజన్‌లో, అంటే ఏ వార్డులో ఉన్నా ఫరవాలేదు, పక్క డివిజన్ నుంచి కూడా నిలబడొచ్చు. కానీ ఆమదాలవలస లిస్టులో ఉన్న పేరుతో విజయనగరంలో నామినేషన్ వేస్తే అది అక్కడే పోతుంది. స్థానిక ఎన్నికల లిస్టు వేరుగా ఇంటింటికీ తిరిగి తయారు చేసేది కాదు. అసెంబ్లీ ఓటర్ల లిస్టునే తీసుకుని డివిజన్లవారీగా విడగొడతారు. కాబట్టి మీరు చేయాల్సింది ఇప్పుడే, నోటిఫికేషన్ రాకముందే, ఫారం 8 పెట్టి ఓటును విజయనగరానికి మార్చుకోవడం. కొత్త ఓటు కోసం పెట్టే ఫారం 6 పెట్టకండి. అలా పెడితే పాత ఊళ్లో పేరు అలాగే ఉండిపోయి రెండు చోట్ల ఓటు అవుతుంది. అది చట్టం ఒప్పుకోదు, పైగా ఎదుటివాళ్లకు మీరే ఆయుధం ఇచ్చినట్టు.

మార్చుకున్నాక కూడా నిశ్చింతగా ఉండొద్దు. డివిజన్లవారీ ముసాయిదా లిస్టు పెట్టినప్పుడు వెళ్లి చూసుకోండి. ఒకే ఇంట్లో భర్త ఒక డివిజన్‌లో, భార్య మరో డివిజన్‌లో పడటం, వీధికి ఇటువైపు ఇళ్లన్నీ పక్క డివిజన్‌లోకి పోవడం నేను ప్రతి ఎన్నికలోనూ చూశాను. అభ్యంతరాలు తీసుకునే ఆ కొద్దిరోజుల్లోనే సరిచేయించుకోవాలి. ఇది మీ పేరుకే కాదు, మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి పేరుకీ వర్తిస్తుంది. మీరు ఏ డివిజన్ ఓటరైనా ఫరవాలేదు గానీ, ప్రతిపాదించే ఆయన మాత్రం మీరు పోటీ చేసే డివిజన్ ఓటరే అయ్యుండాలి. ఒకసారి ఒక అభ్యర్థికి మేనమామ సంతకం పెట్టాడు. చూస్తే ఆయన ఓటు రోడ్డుకి అవతల డివిజన్‌లో ఉంది. అధికారి అడిగితే, ‘నాకేటి తెలుసు బాబూ, సంతకం పెట్టమన్నారు, పెట్టాను’ అన్నాడాయన. ఆ అభ్యర్థి వేసిన రెండో నామినేషన్ సెట్టులో వేరే మనిషి సంతకం ఉండబట్టి బతికిపోయాడు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. మీరు కనీసం రెండు వేయండి, ప్రతిపాదకులు వేర్వేరుగా ఉండేలా చూసుకోండి. డిపాజిట్ మాత్రం ఒక్కసారి కడితే చాలు.

ఇక మీవారి కాంట్రాక్టు. మీ ప్రశ్నలో నాకు టెన్షన్ పెట్టింది ఇదే. మీరు దాన్ని చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. కార్పొరేషన్‌తో నడుస్తున్న కాంట్రాక్టులో స్వార్థం ఉన్నవాళ్లు అనర్హులు. చట్టంలో ‘ప్రత్యక్షంగా గానీ, పరోక్షంగా గానీ’ అన్న మాట ఉంది. కాంట్రాక్టు మీ పేరున లేదు, నిజమే. కానీ ఇద్దరిదీ ఒకే సంసారం. నామినేషన్ల పరిశీలన రోజున ఎదుటి లాయరు ఈ ‘పరోక్షంగా’ అన్న మాట పట్టుకునే లేస్తాడు. అధికారి ఒప్పుకోకపోవచ్చు, మీ నామినేషన్ నిలవొచ్చు కూడా. కానీ గెలిచాక ఇదే కారణం మీద ఎన్నికల పిటిషన్ పడితే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. అందుకని చేతిలో ఉన్న పని ముగించి, కొలతల పుస్తకంలో ఎక్కించి, ఫైనల్ బిల్లు పెట్టించి, పని పూర్తయినట్టు ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి కాగితం తీసుకోమనండి. కొత్త టెండరు వేయొద్దనండి. చట్టం పట్టించుకునేది నడుస్తున్న కాంట్రాక్టునే, ఎప్పుడో చేసి ముగించిన పనిని కాదు. ఇది నోటిఫికేషన్ వచ్చాక జరిగే పని కాదని మీవారికి నాకంటే బాగా తెలిసుంటుంది. బిల్లు పాసవ్వడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆయన్నే అడగండి. ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఇది. ఆయన పని ఆపుకుంటారా, మీరు పోటీ ఆపుకుంటారా? ఈ ప్రశ్నకు జవాబు రాకుండా టికెట్టు గురించి మాట్లాడుకోవడం దండగ.

ఇంటి పన్ను సంగతి దీనంత పెద్దది కాదు. అభ్యర్థి తాను కట్టాల్సిన బకాయి, అదీ బిల్లో నోటీసో ఇచ్చి గడువు దాటిపోయినది ఉంటేనే అనర్హత. ఇల్లు మామగారి పేరున ఉంది కాబట్టి, మాటకి మాట చూస్తే అది మీ బకాయి కాదు. అయినా కట్టేయండి. మన దగ్గర ఆస్తి పన్ను ఆరు నెలలకోసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకి ఒకటి, అక్టోబరు నుంచి మార్చికి ఒకటి. పాత అర్ధసంవత్సరాలవి కూడా కలిపి చెల్లించి, కుళాయి చార్జీలు కూడా కట్టి, రెవెన్యూ సెక్షన్ నుంచి బాకీ లేదన్న కాగితం తీసుకోండి. నామినేషన్ల రోజుల్లో ఆ సెక్షన్లో ఇసకేస్తే రాలని జనం ఉంటారు. అప్పుడు సర్వర్ పని చేయదు, గుమాస్తా దొరకడు. నేనే ఆ గుమాస్తాని, చెబుతున్నాను కదా.

డివిజన్ విషయంలో ఒక మాట. మీరు ‘మా డివిజన్ నుంచే’ అని రాశారు. ఆ మాట ఇప్పుడే గట్టిగా అనకండి. ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి, బీసీలకు చట్టం చెప్పినంత సీట్లు కేటాయిస్తారు. ఇవన్నీ కలిపి సగం దాటకూడదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ప్రతి కోటాలోనూ, జనరల్‌లోనూ కూడా సగం ఆడవాళ్లకు. ఏ డివిజన్ ఎవరికన్నది గెజిట్‌లో వచ్చేదాకా దేవుడికి కూడా తెలియదు. రెండేళ్లు వీధి వీధీ తిరిగి పనులు చేయించి, తీరా ఆ డివిజన్ వేరే వర్గానికి పోయి చేతులు కట్టుకు నిలబడ్డ మగవాళ్లను చాలామందిని చూశాను. అప్పుడే భార్యను నిలబెట్టి, ఫ్లెక్సీలో ఆవిడ కంటే తన బొమ్మ పెద్దది వేయించుకుంటారు. మీ ఇంట్లో పోటీ చేసేది మీరే అయినందుకు సంతోషం.

మీకున్న వీలు ఏమిటంటే, మహిళలకు కేటాయించిన సీట్లోనూ నిలబడొచ్చు, జనరల్ సీట్లోనూ నిలబడొచ్చు. బీసీలమని రాశారు కాబట్టి బీసీ జనరల్, బీసీ మహిళ సీట్లు కూడా మీకు తెరిచే ఉంటాయి. అయితే దానికి కుల ధ్రువీకరణ పత్రం కావాలి. పెళ్లైన ఆడవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కులం పుట్టుకతో, అంటే తండ్రి వైపు నుంచి వచ్చేదే. పెళ్లితో మారదు. భర్త పత్రం చూపించి నేనూ అదే అంటే కుదరదు. మీ పత్రం మీ నాన్నగారి వివరాల మీద రావాలి. అక్కడే పేరు తేడా కూడా వస్తుంది. టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఓటరు కార్డులో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకోలా ఉంటాయి. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి రాయించి దగ్గర పెట్టుకోండి. వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి. పత్రం సంపాదించడానికి పుట్టింటికీ తహసీల్దారు ఆఫీసుకీ తిరగాల్సిన రోజులు, నామినేషన్లు వేసే రోజులు ఒక్కటి కాకూడదు.

ఎందుకింత తొందర పెడుతున్నానంటే, 2020 తేదీలు చూడండి. మార్చి 9న షెడ్యూలు వచ్చింది, 11 నుంచి 13 వరకు నామినేషన్లు. మూడంటే మూడే రోజులు. తర్వాత కరోనా వచ్చి 15న మొత్తం ఆగిపోయింది. దాదాపు ఏడాది తర్వాత, 2021 ఫిబ్రవరిలో ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టారు. పాత నామినేషన్లే చెల్లాయి, మార్చి 3తో ఉపసంహరణ అయింది, 10న పోలింగ్, 14న లెక్కింపు. ఏడాది పాటు అభ్యర్థిగా బతికిన వాళ్లుండటం మన దగ్గరే చూశాను. మధ్యలో కొందరు పార్టీ మారిపోయారు, ఇంకొందరికి ఓపిక అయిపోయింది. ఆ కౌన్సిళ్ల ఐదేళ్ల లెక్క 2026 మార్చితో సరి. అయితే గడువు తీరగానే ఎన్నికలొస్తాయని అనుకోకండి. 2010లో గడువు తీరితే 2014లో పెట్టారు. శ్రీకాకుళం సంగతి మరీ ఘోరం. అక్కడ 2010 నుంచి పాలకవర్గమే లేదు. 2015లో కార్పొరేషన్ చేశారు, చుట్టుపక్కల పంచాయతీల విలీనం పేచీలతో 2014లోనూ, 2021లోనూ ఎన్నికే జరగలేదు. అక్కడ ఉన్న మీ తమ్ముడికి కూడా నేను చెప్పేది ఇదే. ఎన్నిక ఎప్పుడన్నది మన చేతిలో లేదు, కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం ఉంది.

నామినేషన్ రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కార్పొరేషన్‌కి డిపాజిట్ 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. మీరు జనరల్ సీట్లో నిలబడ్డా ఈ రాయితీ ఉంటుంది, పత్రం చూపిస్తే చాలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాయాలి. కేసు నడుస్తున్నంత మాత్రాన అనర్హత రాదు, దాస్తేనే తంటా. పాత చెక్ బౌన్స్ కేసైనా సరే రాయండి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి. ఖాళీ గడులు ఉంచి, నింపమని చెప్పినా నింపకపోతే తిరస్కరించొచ్చని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. బంగారం దగ్గర ఆడవాళ్లు తగ్గించి రాస్తారు, పొలం దగ్గర మగవాళ్లు. వద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి.

పరిశీలనకు మీరే వెళ్లండి, చట్టం తెలిసిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. చిన్నచిన్న రాత తప్పులకు నామినేషన్ కొట్టేయకూడదు. ఒకవేళ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని గానీ కదలకండి. ఒకసారి ఎన్నిక మొదలయ్యాక కోర్టుకెళ్లి ఆపించడం కుదరదు, రాజ్యాంగమే దానికి అడ్డుకట్ట వేసింది. ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. ఆ పిటిషన్‌కి ఆధారం ఆ కాగితమే.

పార్టీ మాటకొస్తే, మీరు గమనించాల్సిన తిరకాసు ఒకటుంది. అసెంబ్లీ ఎన్నికల్లో బి-ఫారం, అంటే ఫలానావాళ్లే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటి లోపు ఇవ్వాలి. మున్సిపల్ ఎన్నికల్లో ఉపసంహరణ ఆఖరి రోజు మూడింటి దాకా గడువు ఉంటుంది. అందుకే పార్టీలు ఒక డివిజన్‌లో ముగ్గురి చేత నామినేషన్లు వేయించి, చివరి గంట దాకా ముగ్గురినీ ఊరిస్తాయి. ‘నీకే టికెట్టు’ అన్న మాట ఆ ముగ్గురికీ చెప్పి ఉంటారు. బి-ఫారం మీ చేతిలోకి కాదు, ఎన్నికల అధికారి చేతిలోకి చేరి, దానికి రసీదు వచ్చినప్పుడే మీది పార్టీ టికెట్టు. రాకపోతే మీ నామినేషన్ చెల్లుతూనే ఉంటుంది, ఇండిపెండెంటుగా కొనసాగొచ్చు. కానీ ఇండిపెండెంట్లకు గుర్తు ఇచ్చేది ఉపసంహరణ అయ్యాకే. 2021 లెక్కనే చూస్తే, మార్చి 3న గుర్తు తెలిసింది, 10న పోలింగ్, చివరి 48 గంటలు ప్రచారం లేదు. కుట్టు మిషనో గ్యాస్ సిలిండరో, ఏది వస్తే అది ఐదు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. ఇంటిపేరుతో, మీ ముఖంతో జనం మిమ్మల్ని ముందే గుర్తుపట్టేలా ఉంటేనే ఇండిపెండెంటు దారి. మీ ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులు మీకు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టుకోండి.

మేయర్ పదవికి నేరుగా పోటీ చేయలేరు. 1995లో, 2000లో మేయర్లకూ చైర్మన్లకూ జనమే ఓటేసేవాళ్లు. 2005 నుంచి కార్పొరేటర్లే ఎన్నుకుంటున్నారు. ముందు డివిజన్ గెలవాలి, ఆ తర్వాత మేయర్ సీటు రిజర్వేషన్ మీకు సరిపోవాలి, అప్పుడు సభలో చేతులెత్తే ఓటు. ఎక్స్‌అఫీషియో, అంటే పదవి రీత్యా సభ్యులైన ఎమ్మెల్యే, ఎంపీలకూ అందులో ఓటు ఉంటుంది. పార్టీ గుర్తు మీద గెలిచి ఆ ఓటింగ్‌లో విప్, అంటే ఫలానావాళ్లకే ఓటేయమన్న పార్టీ ఆదేశం ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. పార్టీ తరఫున దిగే ముందు ఈ సంగతి తెలుసుకునే దిగండి.

ఖర్చు దగ్గర అందరూ చేసే తప్పు చెప్పి ముగిస్తాను. పరిమితి ఎంతన్నది ఎన్నికల సంఘం నోటిఫికేషన్ సమయంలో చెబుతుంది. టీ దగ్గర నుంచి ఆటో మైకు దాకా ఏ రోజు ఖర్చు ఆ రోజు పుస్తకంలో రాయండి, రసీదులు దాచండి. కరపత్రం మీద ప్రింటర్ పేరు, వేయించినవాళ్ల పేరు ఉండాలి. ఓటుకి డబ్బు పంచే సంగతి నన్ను అడగొద్దు, నేను చెప్పను. అది నేరం. గెలిచినా ఓడినా, ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. గెలిచినవాళ్లు ఊరేగింపుల్లో మరచిపోతారు, ఓడినవాళ్లు ‘ఇంకేటి లెక్కలు’ అని వదిలేస్తారు. ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. నలభై ఓట్లతో ఓడిపోయి, వచ్చేసారి తప్పకుండా గెలుస్తాడనిపించిన ఒక కుర్రాడు ఇలాగే చేశాడు. నోటీసు వచ్చింది, అదీ పట్టించుకోలేదు. అనర్హుల జాబితాలో అతని పేరు నోటీసు బోర్డుకి నేనే అంటించాను.